పెట్లుప్పు, సూరేకారం, నైట్రేట్: చేపల తొట్టి దగ్గర ఏ మాట వాడాలి?

సభ్యులకు నమస్కారం. విశాఖపట్నం సీతమ్మధారలో మేముంటున్న అపార్ట్‌మెంటులో నాలుగైదు ఇళ్లవారు గాజు తొట్లలో చేపలు పెంచుతున్నారు. చేపల వ్యర్థాల వల్ల తొట్టి నీటిలో చేరే నైట్రేట్ పెరిగితే ఏం చేయాలో వారికోసం ఒక పేజీ తెలుగులో రాయబోయి, ఆ పేరు దగ్గరే ఆగిపోయాను. ‘నత్రితం’ అని రాస్తే పక్కింటి పెద్దావిడ “ఇదేదైనా మందా బాబూ?” అని అడిగారు. ‘సూరేకారం’ అంటే అందరికీ బాణసంచా గుర్తుకొస్తుంది. “నీళ్లు తేటగానే ఉన్నాయి కదా, ఇక భయమెందుకు?” అనే వారికి ఏం చెప్పాలన్నది నా రెండో సందేహం.

జవాబు:
మాస్టారూ, సూరేకారానికి అచ్చతెలుగులో ‘పెట్లుప్పు’ అనే పేరుంది. ‘పెట్లు’ అంటే పగులుట, పేలుట కాబట్టి అది మందుగుండులో వాడే ఉప్పని పేరే చెబుతోంది. ‘సూరేకారం’లోని మొదటి భాగం హిందీలోని ‘శోరా’కు చుట్టం. నైట్రేట్‌లో ఉండే ‘నత్రజని’ పేరు మాత్రం ఫ్రెంచి రసాయనవేత్త శాప్టాల్ 1790లో పెట్టిన ‘నైట్రోజెన్’ అన్న పేరుకు తెలుగు రూపం, అంటే పెట్లుప్పును పుట్టించేదని అర్థం. లవోయిజియే అదే వాయువును ప్రాణం నిలపనిదన్న అర్థంలో ‘అజోట్’ అన్నాడు. మనవాళ్లు ఆ పేరును విడిచి దీన్ని తీసుకోవడం మంచిదే అయింది.

పెట్లుప్పుకూ మీ తొట్టికీ ఉన్న బంధుత్వం మాటల వరకే పరిమితం కాదు. పశువుల కొట్టాల మట్టిలో మూత్రం, పేడ కుళ్లి పుట్టిన అమ్మోనియాను సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారిస్తే, ఆ మట్టిని కడిగి, ఆ నీటిని కాచి పూర్వం పెట్లుప్పు తీసేవారు. తొట్టిలో చేపలు మొప్పల ద్వారా విడిచే అమ్మోనియా, మిగిలిపోయిన మేత కుళ్లగా వచ్చే అమ్మోనియా ఇదే దారిలో ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుతాయి. అయినా తొట్టిలోని దాన్ని పెట్లుప్పు అనడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే అది పొటాషియంతో కూడిన నైట్రేట్ లవణం ఒక్కదానికే పేరు. పుట్టుక వివరించేటప్పుడు ఒకసారి పెట్లుప్పును తలచుకుని, మిగతా చోట్ల నైట్రేట్ అనే రాయండి.

మరో జవాబు:
‘తేట’ విషయంలో మీ పక్కింటివారిని తప్పుపట్టలేము. బురదనీళ్ల కుండలో చిల్లగింజ అరగదీస్తే మడ్డి అడుగుకు దిగి పైనీరు తేరుతుంది. తేరడమంటే నీటిలో తేలుతున్నది కిందికి దిగడమే. నైట్రేట్ తేలేది కాదు, కరిగినది, కరిగినది తేరదు. అందువల్ల తొట్టి అద్దంలా ఉన్నా అందులో నైట్రేట్ లీటరుకు 80 మిల్లీగ్రాములు ఉండవచ్చు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. నీటిని మరగకాస్తే అది పోతుందనుకోవడం కూడా పొరపాటే, నీరు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది.

ఇక్కడ ‘పోయడం’, ‘మార్చడం’ అనే రెండు మాటల తేడాను మీ పేజీలో గట్టిగా చెప్పండి. మన ఊరి వేసవిలో తొట్టి మట్టం త్వరగా దిగుతుంది, తగ్గినంత నీరు పోసి “నీళ్లు మార్చాను” అంటారు. ఆవిరయ్యేది నీరే, నైట్రేట్ అక్కడే మిగులుతుంది. మార్చడమంటే పాత నీటిని తోడి పారబోసి కొత్త నీరు పోయడం. అడుగున గులకరాళ్లలో చేరిన మడ్డిని పైపుతో లాగేస్తూ తోడితే రెండు పనులూ ఒకేసారి అవుతాయి.

కొత్త నీటిలో నైట్రేట్ లేకపోతే సగం మార్చినప్పుడు 80 కాస్తా 40 అవుతుంది, కొత్త నీటిలోనే 20 ఉంటే 50 దగ్గర ఆగుతుంది. బోరు నీరు వాడేవారు ముందు ఆ నీటిని పరీక్షించాలని చెప్పడం అందుకే. చాలాకాలం మార్చని తొట్టిలో ఒకేసారి ఎక్కువ నీరు మారిస్తే చేపలు తట్టుకోలేవు, రోజు విడిచి రోజు నాలుగో వంతు చొప్పున మార్చడం మేలు. కుళాయి నీరైతే క్లోరిన్ విరుగుడు కలపాలి. మేత తగ్గించడం, మనీప్లాంట్ వేళ్లు నీటిలో మునిగేలా పెట్టడం కూడా పనికొస్తాయి, కానీ అవి నీరు మార్చడానికి బదులు కావు.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘కరిగినది తేరదు’ అన్న మాటను మా పేజీలో అలాగే రాసుకుంటాను. పరీక్ష సామగ్రి పెట్టెలు చూస్తుంటే మరో తికమక ఎదురైంది. కొన్ని నైట్రేట్ మొత్తాన్ని చూపుతుంటే, కొన్ని అందులోని నత్రజనిని మాత్రమే చూపుతున్నాయి. రెండో లెక్కలో 10 అంటే మొదటి లెక్కలో సుమారు 44. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములన్నది మొదటి లెక్కలోనిది. తొలి రకాన్ని ‘నైట్రేట్’ అనీ, రెండోదాన్ని ‘నైట్రేట్‌లోని నత్రజని’ అనీ విడదీసి రాస్తున్నాను, ఇంతకన్నా పొట్టి మాట ఎవరికైనా తోస్తే చెప్పగలరు.