కార్పల్ టన్నెల్ సిండ్రోమ్: స్ప్లింటా, ఇంజెక్షనా? పరీక్షలు ఏం తేల్చాయి?

ప్రశ్న

కొంతకాలంగా నా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. అర్ధరాత్రి మెలకువ వస్తే, చేయి కాసేపు విదిలిస్తే గాని మళ్లీ నిద్ర పట్టడం లేదు. నాడీ పరీక్ష చేయించిన వైద్యులు ఇది మధ్యస్థ తీవ్రత గల కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ (మణికట్టులోని ఇరుకు సొరంగంలో నాడి నొక్కుకుపోయే జబ్బు) అని, ఆపరేషన్‌కు తొందర లేదని చెప్పి, రాత్రిపూట మణికట్టుకు స్ప్లింట్ (వంగకుండా ఉంచే పట్టీ) కట్టుకోవడమో, స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకోవడమో నన్నే తేల్చుకోమన్నారు. స్ప్లింట్‌తో పూర్తిగా తగ్గిందనేవారు, ఇంజెక్షన్ వృథా అనేవారు, విటమిన్ బి6 మాత్రలతోనే నయమైందనేవారు కూడా ఉన్నారు. ఈ చికిత్సలను ఎవరైనా పక్కపక్కన పెట్టి సరిగ్గా పరీక్షించారా? ఆ ఫలితాలను నాలాంటివారు ఎలా అర్థం చేసుకోవాలి?

సమాధానం 1 (ఫిజియోథెరపిస్టు)

మీరు అడిగిన పోలికనే నేరుగా పరీక్షించిన అధ్యయనం ఒకటి ఉంది. బ్రిటన్‌లో జరిగిన ఇన్‌స్టింక్ట్స్ అనే ఆ అధ్యయనం 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. తీవ్రత తక్కువగానో మధ్యస్థంగానో ఉన్న 234 మందిని లాటరీ తీసినట్లు రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి 20 మిల్లీగ్రాముల మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒక్కసారి ఇచ్చారు. రెండో వర్గం వారిని 6 వారాలపాటు రాత్రిళ్లు స్ప్లింట్ కట్టుకోమన్నారు. 6 వారాలకు ఇంజెక్షన్ తీసుకున్నవారే స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. 6 నెలలకు చూస్తే ఆ తేడా మిగల్లేదు. కాబట్టి ఏది మేలన్న ప్రశ్నకు, ఎప్పటికి మేలు కావాలన్నది తెలియకుండా సమాధానం చెప్పలేము. నిద్ర లేక ఇప్పుడే సతమతమవుతున్నవారికి ఆ తొలి వారాల ఉపశమనం చిన్న విషయం కాదు.

ఇలాంటి అధ్యయనాల్లో ‘మెరుగు’ను సాధారణంగా బోస్టన్ ప్రశ్నావళితో కొలుస్తారు. రాత్రి నొప్పి ఎంత, దానివల్ల ఎన్నిసార్లు మెలకువ వచ్చింది వంటి 11 ప్రశ్నలు బాధ గురించి, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, సీసా మూత తీయడం, చదువుతూ పుస్తకం పట్టుకోవడం వంటి 8 పనులు చేతి వాడకం గురించి ఉంటాయి. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 వరకు మార్కు వేసుకోవాలి. ఏ చికిత్స ఎంచుకున్నా, మొదలుపెట్టే ముందు ఈ ప్రశ్నలకు మీ జవాబులు రాసి పెట్టుకోండి. తరువాత పోల్చుకోవడానికి జ్ఞాపకం కంటే అది నమ్మదగినది.

సమాధానం 2 (వైద్య పరిశోధనల గణాంకాలు చూసేవారు)

పై సమాధానానికి ఒక ముఖ్యమైన విషయం జోడిస్తాను. ఈ జబ్బు కొందరిలో ఏ చికిత్సా లేకుండానే తగ్గుముఖం పడుతుంది, పైగా బాధ బాగా ముదిరినప్పుడే మనం వైద్యుల దగ్గరకు వెళ్తాం గనుక, ఆ తరువాత ఏం చేసినా కొంత తగ్గినట్లే కనిపిస్తుంది. అందుకే ‘నాకు తగ్గింది’ అన్న మాట, అది ఎంత నిజాయితీగా చెప్పినదైనా, చికిత్స పనిచేసిందనడానికి రుజువు కాదు. పోల్చడానికి మరో వర్గం ఉండి తీరాలి.

స్ప్లింట్ విషయంలో ఒక చిక్కుంది: చేతికి కట్టినది కట్టలేదని ఎవరినీ నమ్మించలేము, కాబట్టి చికిత్స అందుతోందన్న నమ్మకంతో కలిగిన మేలును విడదీసి చూడలేము. ఇంజెక్షన్‌కు ఆ చిక్కు లేదు. స్వీడన్‌లో స్ప్లింట్‌తో గుణం కనిపించని 111 మందిలో కొందరికి 80 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ మందు, కొందరికి 40, మిగిలినవారికి మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో రోగులకు గాని, ఫలితాలు నమోదు చేసినవారికి గాని తెలియదు. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం 10 వారాలకు మందు అందినవారికే ఎక్కువ ఉపశమనం దక్కింది. అయితే ఏడాది తిరిగేలోపు 80 మిల్లీగ్రాముల వర్గంలో 73 శాతం, 40 వర్గంలో 81 శాతం, మందు లేని వర్గంలో 92 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మందు పనిచేసింది, కానీ చాలామందికి అది నిలవలేదు. స్ప్లింట్ అప్పటికే విఫలమైనవారి లెక్క ఇది గనుక, మీకు యథాతథంగా వర్తించదని గుర్తుంచుకోండి.

నెదర్లాండ్స్‌లో 176 మందితో ఆపరేషన్‌నూ స్ప్లింట్‌నూ పోల్చిన 2002 నాటి అధ్యయనంలో, 18 నెలలకు ఆపరేషన్ వర్గంలో 90 శాతం, స్ప్లింట్ వర్గంలో 75 శాతం మంది బాగుపడ్డారని తేలింది. ఆ 75 చూసి స్ప్లింట్ ఘనత అనుకునేవారు చాలామంది ఉన్నారు. నిజానికి స్ప్లింట్ వర్గంలో 41 శాతం మంది అప్పటికే ఆపరేషన్ కూడా చేయించుకున్నారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ముందు స్ప్లింట్ కట్టుకుని చూసి, తగ్గకపోతే ఇంజెక్షన్‌కు వెళ్లాలనుకుంటున్నాను. బి6 మాత్రలు కూడా వేసుకుంటే నష్టమేమైనా ఉందా?

సమాధానం 3 (ఫిజియోథెరపిస్టు)

ఉంది. పోలిక వర్గంతో చేసిన చిన్న అధ్యయనాల్లో బి6 వల్ల చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. పెద్ద మోతాదులో చాలాకాలం వాడితే అదే నాడులను దెబ్బతీసి తిమ్మిరి తెస్తుంది. అప్పుడు ఏ తిమ్మిరి దేనివల్లనో తేల్చుకోవడం కష్టమవుతుంది. స్ప్లింట్ మాత్రం మణికట్టును నిటారుగా ఉంచేదై ఉండాలి, ఎందుకంటే మణికట్టు ముందుకు వంగినా వెనక్కి వంగినా ఆ ఇరుకు సొరంగంలో నాడిపై ఒత్తిడి పెరుగుతుంది. మధుమేహం ఉంటే, ఇంజెక్షన్ తరువాత కొన్ని రోజులు చక్కెర పెరగవచ్చు గనుక, ముందే వైద్యులకు చెప్పండి. బొటనవేలి మొదట ఉండే కండ పలచబడుతున్నా, తిమ్మిరి పగలూ రాత్రీ వదలకపోయినా స్ప్లింట్‌తో కాలం గడపకండి. అలాంటి ముదిరిన స్థితికి ఇక్కడ చెప్పుకున్న ఇంజెక్షన్, స్ప్లింట్ పోలిక వర్తించదు, వెంటనే వైద్యులను కలవాలి.