వైజాగ్‌లో హెడ్‌లైట్ల పసుపు తీసే పని పెట్టాలంటే: ఏ కోటింగ్, ఏ బండి వద్దనాలి, రేటు ఎంత?

మధురవాడ_కొత్తషాపు
అందరికీ నమస్కారం. మధురవాడలో కార్ వాష్ పక్కన ఒక బండి పట్టే జాగా అద్దెకు దొరికింది. పసుపెక్కిన హెడ్‌లైట్లు బాగుచేసే పని ఒక్కటే పెడదామని ఉంది. డీఏ పాలిషర్ (ప్యాడ్ తిరుగుతూ ఊగే మెషీన్), 800 నుంచి 3000 దాకా వాటర్ పేపర్లు (నంబర్ పెరిగేకొద్దీ నునుపు), మెరుపు తెచ్చే కాంపౌండ్ ఉన్నాయి. స్క్రాప్ లైట్ల మీద మెరుపు బాగానే వస్తోంది. చివర్లో ఏ కోటింగ్ వెయ్యాలి? ఎలాంటి బండి ఒప్పుకోకూడదు? జతకు ఎంత చెప్పాలి? ఈ మూడూ చెప్పండి.

గాజువాక_బఫింగ్
ముందు రెండో ప్రశ్న చూద్దాం, డబ్బు పోయేది అక్కడే.

మనం గ్లాస్ అంటాం గానీ అది పాలీకార్బొనేట్. దానికి ఎండ పడదు, అందుకే కంపెనీవాళ్లు పైన గట్టి కోటింగ్ వేసి పంపిస్తారు. ఏళ్ల తరబడి ఎండలో ఉండి ఆ కోటింగ్ చచ్చిపోతే, కింద ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. మనం పేపర్ కొట్టి తీసేది ఆ చచ్చిన పొరనే. దాంతోపాటు ఎక్కడైనా కాస్త బతికున్న కోటింగ్ కూడా పోతుంది. అంటే పాలిష్ చేసి వదిలేసిన లైటుకు ఎండ నుంచి ఏ అడ్డూ ఉండదు. కొన్ని నెలల్లోనే మళ్లీ మసక వస్తుంది, కస్టమర్ మీ షాపు ముందుంటాడు. కోటింగ్ లేకుండా పని ఒప్పుకోవద్దు, తక్కువకు చెయ్యమన్నా సరే.

బండి రాగానే చల్లారిన లైటు మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపూ తేటగా కనిపిస్తే మసక పైన ఉన్నట్టు, పని అవుతుంది. తడిపినా పాలలాగే ఉంటే లోపల పట్టిందన్నమాట, బయట ఎంత రుద్దినా పోదు. టార్చి ఏటవాలుగా పెడితే సాలెగూడులాంటి సన్నటి పగుళ్లు కనిపిస్తే అవి ప్లాస్టిక్ లోతుకు దిగినవి. కొన్ని తగ్గుతాయి, కొన్ని అలాగే ఉంటాయి. ఆ మాట బండి తీసుకునేటప్పుడే చెప్పి, ఫోటో తీసి పెట్టుకోండి.

లోపల నీటి బొట్లుంటే వెనక బల్బు దగ్గర రబ్బరు మూత చూడండి. బల్బు మార్చినప్పుడు మూత సరిగ్గా బిగించకపోవడం మామూలే. మన ఊరి గాలికి అంత సందు చాలు. లోపల ఆరబెట్టి, మూత బిగించాకే పైపని.

ఆటోనగర్_పెయింటర్
పేపర్ మీ దగ్గరున్న 800తో మొదలుపెడితే అన్ని బండ్లకూ కుదరదు. పాత కోటింగ్ పొట్టులా లేస్తుంటే 400తో మొదలుపెట్టాలి, లేకపోతే 600. ఇక్కడ మొహమాటపడితే పాత కోటింగ్ సగం పోయి సగం ఉండి, పూర్తయ్యాక ఎండలో మ్యాప్ గీసినట్టు అంచులు తేలతాయి.

నీళ్లలో రెండు చుక్కలు షాంపూ కలిపి కొడుతూ రుద్దండి. మొదట కారే నీరు పసుపుగా ఉంటుంది, తెల్లబడిందంటే చచ్చిన పొర అయిపోయినట్టు. అప్పటిదాకా పేపర్ నంబర్ మార్చొద్దు. ఒక నంబర్ అడ్డంగా రుద్దితే తర్వాతది నిలువుగా రుద్దండి. పాత గీతలు మిగిలాయో లేదో తెలిసే దారి అదొక్కటే. అంచుల్లో చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు వెయ్యండి. 400 పేపర్ ఒక్కసారి తగిలినా బంపర్ పెయింటు పోతుంది.

కోటింగ్ విషయంలో నా ఓటు 2కే క్లియర్‌కే, అంటే హార్డ్‌నర్ కలిపి కొట్టే రంగులేని పెయింటుకు. దానికి 3000 దాకా వెళ్లి అద్దంలా మెరిపించడం తప్పు. మరీ నునుపైతే క్లియర్‌కు పట్టు దొరకదు, ఆరు నెలల్లో అంచు నుంచి పొరలా ఊడుతుంది. 800 లేదా 1000 దగ్గర ఆపండి, ఆ గీతల్ని క్లియరే నింపేస్తుంది. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడిచి, ప్లాస్టిక్ ప్రైమర్ పలచగా ఒక దుమ్ముకోటు, తర్వాత క్లియర్ రెండు కోట్లు, మధ్యలో 10 నిమిషాలు. కలిపే పాళ్లు డబ్బా మీద చూసుకోండి, చాలా వాటికి 2 పాళ్లు క్లియర్‌కి 1 పాలు హార్డ్‌నర్. జతకు కలిపినది 40 మి.లీ. సరిపోతుంది. 1.0 నాజిల్ మినీ స్ప్రే గన్ చాలు. టేపు 15–20 నిమిషాల్లో, ఇంకా కాస్త మెత్తగా ఉన్నప్పుడే లాగండి. గట్టిపడ్డాక లాగితే అంచు గట్టులా నిలబడుతుంది, ప్రెషర్ వాష్ నీరు దూరేది అక్కడే.

మీకు ప్రత్యేకంగా ఒక మాట: కార్ వాష్ పక్కన అన్నారు. వాళ్లు టైర్లకు, డాష్‌బోర్డుకు కొట్టే స్ప్రేలో సిలికాన్ ఉంటుంది. గాలిలో తేలి వచ్చి లైటు మీద పడితే క్లియర్ అక్కడక్కడా గుండ్రటి గుంటలు పడుతుంది. మధ్యలో ప్లాస్టిక్ పరదా దించండి, మీరు క్లియర్ కొట్టే గంటలో వాళ్లు ఆ స్ప్రే కొట్టకుండా మాట్లాడుకోండి. అద్దె అగ్రిమెంటు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది.

డోర్‌స్టెప్_ఎంవీపీ
పెయింటర్ గారి పద్ధతి షాపుకు సరే. అపార్ట్‌మెంటు పార్కింగులో మాత్రం గన్ పట్టుకోవద్దు, పొగమంచులా లేచిన క్లియర్ పక్క బండ్ల మీద వాలుతుంది. ఇంటి దగ్గర చేసే పనికి యూవీ కోటింగ్ మేలు. గుడ్డతో రాసి, యూవీ దీపం కిందో ఎండలోనో గట్టిపరిచేది. దీనికి 2000 దాకా రుద్ది, 3000 ఫోమ్ డిస్కు తిప్పి, కాంపౌండ్ కొట్టి, ఐపీఏతో జిడ్డంతా తీశాక ఒకే దిశలో రాయాలి. వెనక్కి వెళ్లి రెండోసారి రాస్తే చారలు పడతాయి.

నీడలో రాయాలి, ఎండలో గట్టిపరచాలి. ఈ వరస తప్పితే రాస్తుండగానే బిగుసుకుంటుంది. కాబట్టి బండిని తిప్పగలిగే చోటు ముందే చూసుకోండి. మబ్బు రోజుల్లో దీపం తప్పనిసరి.

బఫింగ్‌లో పాలిషర్ ఒకే చోట నిలపొద్దు. వేడెక్కితే ప్లాస్టిక్ మెత్తబడి పొగలాంటి మచ్చ పడుతుంది, దాన్ని తీయాలంటే మళ్లీ 800కి దిగాల్సిందే. చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చన దాటితే ఆపండి. డ్రిల్లుకు ప్యాడ్ తగిలించి చేసేవాళ్లు అంచుల దగ్గర మరీ జాగ్రత్త.

మధురవాడ_కొత్తషాపు
సిలికాన్ సంగతి అస్సలు తట్టలేదు, చాలా థాంక్సండి. ఇంకో రెండు సందేహాలు. కప్పులో మందు పోసి వేడిచేసి ఆవిరి పట్టే కిట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, అయిదు నిమిషాల్లో మెరుస్తోంది. వాడొచ్చా? గన్‌తో కొట్టిన క్లియర్‌లో చిన్న బుడగలు వస్తున్నాయి, కారణం ఏంటి?

గాజువాక_బఫింగ్
ఆవిరి కిట్ వద్దు తమ్ముడూ. ఆ మందు ప్లాస్టిక్ పైపొరను కరిగించి మళ్లీ పరుస్తుంది, మెరుపు అందుకే. ఎండ తట్టుకునే గుణం దాంతో రాదు. బిగింపు ఒత్తిడి ఉన్న చోట పాలీకార్బొనేట్‌కు ద్రావకం తగిలితే పగుళ్లు పుడతాయి. ఆ ఆవిరి పీల్చడం మీకూ ప్రమాదం. ఇదే కారణానికి తుడవడానికి థిన్నర్, అసిటోన్, పెట్రోల్ ఏవీ వాడొద్దు, ఐపీఏ మాత్రమే. టూత్‌పేస్టు, నూనె స్ప్రేల మెరుపు ఒకటి రెండు వానలకే పోతుంది.

ఆటోనగర్_పెయింటర్
బుడగలకు రెండు కారణాలు. ఒకటి, మొదటి కోటు ఆరకముందే రెండోది దట్టంగా కొట్టడం, లోపలి థిన్నర్ బయటికి రాలేక బుడగవుతుంది. రెండోది మన ఊరి తేమ. 2కే హార్డ్‌నర్ నీటితో కలిస్తే గ్యాస్ పుడుతుంది. కంప్రెసర్ ట్యాంకు కింద కుళాయి తిప్పి రోజూ పొద్దున్నే నీరు వదలండి, గన్‌కు ముందు నీటి ఫిల్టరు పెట్టండి. హార్డ్‌నర్ డబ్బా మూత వెంటనే బిగించండి. తెల్లవారి మంచు తడి పోయాక, మధ్యాహ్నం సముద్రపు గాలి గట్టిగా తగలకముందు కొట్టుకోండి. వాన పడుతున్న రోజు క్లియర్ పని పెట్టుకోకపోవడమే మంచిది.

హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు, ఆవిర్లకు పనిచేసే కార్ట్రిడ్జి మాస్కు కావాలి, కళ్లద్దాలు, గ్లౌజులు కూడా. గాలి ఆడని గదిలో అదీ సరిపోదు. ఉబ్బసం ఉన్నవాళ్లు 2కే జోలికి వెళ్లకండి. ఈ మాట దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

దొండపర్తి_లెక్కలు
రేటు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా లెక్క రాస్తున్నాను. పేపర్లు, టేపు, ఐపీఏ, కాంపౌండ్, కోటింగ్ కలిపి జతకు 250 పెట్టుకోండి. 1,250 తీసుకుంటే చేతికి 1,000. అద్దె, కరెంటు కలిపి నెలకు 9,000 అయితే మొదటి 9 జతలు అద్దెకే పోతాయి, మీ కూలి పదో జత నుంచి. జతకు రెండు గంటలు పడుతుంది, రోజుకు మూడు దాటితే అంచుల్లో తప్పులు మొదలవుతాయి.

రేటు చెప్పేముందు ఆ మోడల్ కొత్త లైటు ధర విడిభాగాల షాపులో కనుక్కోండి. కొన్ని పాత మోడళ్లకు కొత్తదే చవగ్గా దొరుకుతుంది, అలాంటప్పుడు అదే వేయించుకోమని చెప్పండి. ఆ కస్టమరే ఇంకొకర్ని పంపుతాడు.

2కే స్ప్రే డబ్బా కొనేవాళ్లు ఒకటి గమనించండి. అడుగున పిన్ను నొక్కి హార్డ్‌నర్ వదిలాక అది ఒకటి రెండు రోజులకు మించి ఉండదు, కచ్చితమైన గడువు డబ్బా మీద ఉంటుంది. ఒక్క బండికి విప్పితే మిగతాదంతా దండగ. రెండు మూడు జతలు ఒకే రోజుకు పిలవండి. సెకండ్ హ్యాండ్ కార్ల షాపులు ఇందుకు బాగా కుదురుతాయి, రేటు తగ్గించినా గిట్టుబాటవుతుంది. క్యాబుల వాళ్లనూ అడగండి. 8 ఏళ్లు దాటని ట్రాన్స్‌పోర్ట్ బండికి ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి, దాటితే ఏటా. ఆ తేదీకి ముందు వారం వాళ్లే లైట్ల గురించి ఆలోచిస్తారు. సొంత కార్లకు 15 ఏళ్లప్పుడు.

కాగితాలు: జీవీఎంసీ ట్రేడ్ లైసెన్సు తీసుకోండి. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదు.

డోర్‌స్టెప్_ఎంవీపీ
గ్యారంటీ కాగితం మీద రాసివ్వండి: పసుపు తిరిగొస్తే ఏడాదిలోపు ఉచితంగా చేస్తాం, రాయి తగిలినా లోపల తేమ చేరినా వర్తించదు. గోడకు 3 మీటర్ల దూరంలో బండి ఆపి, లో బీమ్ వేసి, పనికి ముందూ తర్వాతా ఒకే చోటి నుంచి ఫోటో తీయండి. ఫోన్ ఆటో ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యండి, లేకపోతే రెండు ఫోటోలూ ఒకేలా వస్తాయి.

మధురవాడ_కొత్తషాపు
లాక్ సంగతి ఇప్పుడే స్క్రాప్ లైటు మీద చూశాను, తేడా స్పష్టంగా ఉంది. 2కే వేసిన బండిని ఎన్నాళ్లకు కడగొచ్చు?

ఆటోనగర్_పెయింటర్
ఒక రోజు నీళ్లు తగలనివ్వొద్దు, వారం ప్రెషర్ వాష్ వద్దు. ఆ వారం బీచ్ రోడ్డులో రాత్రంతా నిలపకుండా ఉంటే ఇంకా మంచిది.