వీఏఏలకు, ట్రైనర్లకు ఇచ్చే శిక్షణ పనికొచ్చిందో లేదో ఎలా తేల్చాలి?

తిరుచానూరు అమ్మాయి

అందరికీ నమస్కారం. తిరుపతిలో వ్యవసాయ శిక్షణలు నడిపే ఒక సంస్థలో పనిచేస్తున్నాను. వచ్చే ఖరీఫ్‌కి ముందు చిత్తూరు, తిరుపతి జిల్లాల రైతు సేవా కేంద్రాల్లోని విలేజ్ అగ్రికల్చర్ అసిస్టెంట్లకు (వీఏఏలకు) వేరుశనగ మీద శిక్షణ ఉంది. అంతకంటే ముందు, వాళ్లకు పాఠం చెప్పబోయే ట్రైనర్లకు ఒక టీఓటీ, అంటే ట్రైనర్లకే ఇచ్చే శిక్షణ. రెండింటినీ మదింపు చేసి రిపోర్టు ఇవ్వమని నాకు అప్పగించారు.

ఇన్నాళ్లూ మదింపు అంటే చివరి రోజు సాయంత్రం పంచే ఫీడ్‌బ్యాక్ ఫారమే. బస్సుకు టైమ్ అవుతోందని అందరూ నిలబడే టిక్కులు పెట్టేస్తారు, అన్నీ "చాలా బాగుంది". పాత ఫారాలు తీసి చూస్తే పొలంలోకి తీసుకెళ్లి చూపించిన సైంటిస్టుకూ, స్లైడ్లు చదివి వెళ్లిపోయిన ఆయనకూ ఇంచుమించు ఒకే మార్కులు. ప్రీ టెస్ట్, పోస్ట్ టెస్ట్ కూడా పెడతారు గానీ రెండింటిలోనూ అవే ప్రశ్నలు, అందుకని మార్కులు ఎప్పుడూ పెరుగుతాయి. ఆ తర్వాత ఊరికి వెళ్లి ఎవరు ఏం చేశారో ఎవరూ చూడలేదు.

ఈసారి కొత్తగా "శిక్షణ వల్ల రైతు ఆదాయం ఎంత పెరిగింది" అని ఒక కాలమ్ పెట్టమంటున్నారు. అది చెప్పడం అసలు కుదురుతుందా? ట్రైనర్లను దేన్నిబట్టి అంచనా వెయ్యాలి? మాకున్న మనుషులు తక్కువ, బండి రోజూ దొరకదు, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

పుత్తూరు రిటైర్డ్ ఏడీఏ

అమ్మా, ఫారం తీసెయ్యొద్దు. హాల్లో వినిపించిందా, భాష అర్థమైందా, టైమ్ చాలిందా లాంటివి దాని వల్లే తెలుస్తాయి. దాని పని అంతవరకే. కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ 1959లోనే శిక్షణ మదింపును నాలుగు దశలుగా విడదీశాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, ఫలితం వచ్చిందా. మన విస్తరణ పనికి ఇంకా దగ్గరగా ఉండేది 1970లలో క్లాడ్ బెన్నెట్ చెప్పిన ఏడు మెట్ల వరస. పెట్టిన వనరులు, జరిపిన కార్యక్రమాలు, వచ్చినవాళ్లు, వాళ్ల అభిప్రాయం, తెలివిలోనూ నైపుణ్యంలోనూ మార్పు, చేసే పద్ధతిలో మార్పు, చివరికి ఫలితం. మన రిపోర్టులు ఎక్కువగా మూడో మెట్టు దగ్గర ఆగిపోతాయి, సంతకాల షీటు, గ్రూప్ ఫోటో, అయిపోయింది. మీరు ఆరో మెట్టు వరకు వెళ్లండి. చెప్పింది పొలంలో జరిగిందా లేదా అన్నది మీరు కళ్లారా చూసి రాయగల విషయం.

పరీక్ష సంగతి. పేపర్ మీద పెట్టకండి. పొలంబడిలో బ్యాలెట్ బాక్స్ పరీక్ష అని ఉంది, మీ సంస్థలో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1989లో ఇండొనేషియాలో వరి సుడిదోమ కోసం రైతు పొలం పాఠశాలలు మొదలుపెట్టారు, మన పొలంబడి ఆ దారిలో వచ్చిందే. ఈ పరీక్షలో చేను గట్టు వెంబడి కర్రలు పాతి ఒక్కోదానికి ఒక అట్ట కడతారు, అట్ట మీద ఒక ప్రశ్న, మూడు జవాబులు, ఒక్కో జవాబు కింద ఒక డబ్బా. ప్రశ్న దేని గురించో ఆ మొక్కకో పురుగుకో దారం లాగి చూపిస్తారు. మనిషి తన నంబరు చీటీ డబ్బాలో వేసి ముందుకు నడుస్తాడు. లేత ఆకులు పసుపు తిరిగి తెల్లబడుతున్న మొక్కను చూపించి ఇది నత్రజని లోపమా, ఇనుపధాతు లోపమా, వైరసా అని అడగండి. అక్షింతల పురుగును అందరూ గుర్తుపడతారు, దాని పిల్ల పురుగును చూపించి ఇది పంటను తినేదా, పేనుబంకను తినేదా అని అడిగితే ఎవరికి ఎంత తెలుసో బయటపడుతుంది. శిక్షణకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, నమూనాలు మార్చి పెట్టాలి. మే నెలలో మెట్ట చేలల్లో పంట ఉండదు కాబట్టి మొదటి పరీక్షకు బోరు కింద ఆలస్యంగా వేసిన వేసవి చెనక్కాయ కయ్య ఒకటి ముందే మాట్లాడి పెట్టుకోండి, అదీ దొరక్కపోతే కుండీల్లో పెంచండి.

ఇంకొక్క మాట. శిక్షణలో చెప్పిన ఒక్క విషయాన్ని పట్టుకుని అది పైనుంచి కిందిదాకా ఎలా దిగిందో చూడండి. జిప్సం తీసుకోండి, అది నేలకు కాల్షియం అందించేది. సైంటిస్టు చెప్పేది: ఎకరాకు 200 కిలోలు, తొలి పూత దశలో, మొక్క మొదళ్ల దగ్గర చాళ్లలో వేసి మట్టి ఎగదోయాలి, ఎందుకంటే ఊడ (పూత నుంచి కిందికి దిగే కాడ) నేలలోకి దిగాక కాయ తనకు కావలసిన కాల్షియం చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. ట్రైనర్ దగ్గర ఇందులో ఎంత మిగిలింది, వీఏఏ దగ్గర ఎంత, రైతు దగ్గర ఎంత? నా సర్వీసులో చాలా ఊళ్లలో రైతు దాకా చేరింది "జిప్సం వెయ్యమన్నారు" అన్న ముక్క మాత్రమే. ఎంత, ఎప్పుడు, ఎక్కడ అన్నవి దారిలోనే పోయాయి. ఏ మెట్టు దగ్గర పోయాయో కనిపెడితే మీ రిపోర్టు విలువ ఆదాయం కాలమ్ కంటే ఎక్కువ.

వీఏఏ బంగారుపాళ్యం

అక్కా, నేను ఈ శిక్షణలకు వచ్చే మనిషిని, మా వైపు నుంచి కూడా వినండి. నేర్చుకున్నది పొలంలో చెయ్యలేదంటే నేర్చుకోలేదని రాసేస్తారు. చాలాసార్లు కారణం వేరే ఉంటుంది.

మొదటిది టైమ్. విత్తనశుద్ధి గురించి ఒకసారి ఆగస్టులో క్లాస్ పెట్టారు. మా దగ్గర జూన్, జూలైలో వాన పడగానే విత్తేస్తారు. కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించి నీడలో ఆరబెట్టాలని నేను నేర్చుకున్నా, ఇప్పటికీ నోటికొచ్చు, కానీ ఆ సంవత్సరం మా ఊళ్లో ఒక్క రైతుకీ దానితో పని పడలేదు. రెండోది, ఈ-క్రాప్ నమోదు (ఏ పొలంలో ఏ పంట ఉందో ఫోన్‌లో ఎక్కించడం) మొదలైతే మాకు ఇంకో పని కనపడదు. పొద్దున ఫోన్ పట్టుకుని సర్వే నంబర్లు తిరగడం, సాయంత్రం సిగ్నల్ కోసం చూడటం. ఆ వారాల్లో వచ్చి "శిక్షణ తర్వాత ఎన్ని పొలాలు చూశావు" అంటే ఏం చెప్పాలి? మూడోది సరుకు. మందు పేరు చెప్తే రైతు కొట్టుకు పోతాడు, అక్కడ అది ఉండదు, షాపాయన ఇచ్చిందే తెచ్చి కొడతాడు.

అందుకని మీ ఫారంలో "చేశావా లేదా" తర్వాత ఇంకో ప్రశ్న పెట్టండి: చెయ్యకపోతే అడ్డమేంటి, తెలియకనా, టైమ్ లేకనా, సరుకు లేకనా, రైతు ఒప్పుకోకనా. వీటిలో శిక్షణతో సరిదిద్దగలిగేది మొదటిదే, మహా అయితే రైతుకు నచ్చజెప్పడం కొంత. మిగతా వాటికి ఎన్ని క్లాసులు పెట్టినా అంతే.

ఇంకోటి, రైతుల్ని అడిగేటప్పుడు మగవాళ్లను మాత్రమే అడిగి వెళ్లిపోకండి అక్కా. చెనక్కాయలు ఒలిచేది, గింజలు ఏరేది మా ఊళ్లో ఎక్కువగా ఆడవాళ్లే. విత్తనానికి మందు పట్టించారా అని ఆయన్ని అడిగితే "ఆ, చేశాం" అంటాడు, ఆమెను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. కౌలు రైతులనూ వదలొద్దు.

లెక్కల పని నాది

ఆదాయం కాలమ్ గురించి నేను చెప్తా. మదనపల్లె మార్కెట్లో 2023 జూలైలో టమాట కిలో వంద రూపాయలు దాటిపోయింది. ఆ సంవత్సరం టమాట శిక్షణను రైతు ఆదాయంతో కొలిచి ఉంటే ఇంత గొప్ప శిక్షణ దేశంలో లేదని వచ్చేది. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి రైతులు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లతో నిలబడ్డారు, కిలోకు 4 రూపాయలు ప్రభుత్వం కలపాల్సి వచ్చింది. అప్పుడు మామిడి శిక్షణను ఆదాయంతో కొలిస్తే శిక్షణ ఇచ్చిందే దండగ అని వచ్చేది. రెండూ తప్పే, ఎందుకంటే ధర శిక్షణ చేతిలో లేదు. మెట్ట వేరుశనగ దిగుబడి కూడా అంతే, వాన పడితే ఒక లెక్క, పూతప్పుడు బెట్ట వస్తే ఇంకో లెక్క. పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ పోల్చి తేడా అంతా శిక్షణ ఖాతాలో వెయ్యడం న్యాయం కాదు. ఆ కాలమ్ తప్పనిసరైతే ఆ సీజన్ వాన, ధర పక్కనే రాయండి, ఇది శిక్షణ ఫలితమని మాత్రం రాయకండి.

పోలిక కావాలంటే అదే సీజన్లో, అదే వానలో, శిక్షణ లేనివాళ్లతో పోల్చాలి. కొందరికి శిక్షణ ఆపెయ్యమని కాదు. మండలాల పేర్లు చీట్లు వేసి సగం మండలాల వీఏఏలకు ఈ సీజన్ వేరుశనగ, మిగతా సగానికి టమాట చెప్పండి. వచ్చే ఏడాది మార్చండి. జిప్సం సంగతి చూసేటప్పుడు టమాట బ్యాచ్ మీకు పోలిక, టమాట సంగతి చూసేటప్పుడు వేరుశనగ బ్యాచ్ పోలిక. ఎవరికీ అన్యాయం జరగదు. ఊరి వారీగా కాకుండా మండలం వారీగా ఎందుకంటే పక్క ఊరి వీఏఏకి వాట్సాప్‌లో అన్నీ వెళ్లిపోతాయి, అది మంచిదే గానీ మీ పోలిక చెడుతుంది.

బండి తక్కువ అన్నారు కాబట్టి ఇంకో సంగతి. ఒక్క ఊళ్లో ముప్పై మందిని అడిగితే మీకు తెలిసేది ఆ ఒక్క వీఏఏ గురించే. ఊరికి ఐదారుగురు చాలు, ఊళ్లు పెంచండి. ఆ ఐదారుగురి పేర్లు వీఏఏని అడగొద్దు, ఈ-క్రాప్ జాబితాలోంచి మీరే చీట్లు తీసుకోండి.

తిరుచానూరు అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. పంట మార్చి ఇచ్చే పద్ధతి మాకు కుదురుతుంది, ఎలాగూ టమాట శిక్షణ కూడా ఈ ఏడాది ప్లాన్‌లో ఉంది. రెండు సందేహాలు మిగిలాయి. ట్రైనర్ల సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఇంకోటి, మేం ఊరికి వెళ్లి చూస్తున్నామంటే వీఏఏలు తమ మీద ఇన్‌స్పెక్షన్ అనుకుని టెన్షన్ పడతారేమో, అప్పుడు నిజం చెప్పరు కదా.

కలికిరి ట్రైనర్

నేను టీఓటీల్లో చెప్పే మనిషిని. ట్రైనర్‌కి సబ్జెక్ట్ ఎంత తెలుసో కొలవడం సులువు, అందరూ అక్కడే ఆగిపోతారు. అతని పని వేరే వాళ్లకు వచ్చేలా చెయ్యడం, కాబట్టి అతను చెప్తుండగా చూడాలి. టీఓటీలోనే ఒక్కొక్కరి చేత పావుగంట పాఠం చెప్పించండి, వినేవాళ్లుగా తోటి ట్రైనర్లను కాకుండా నలుగురైదుగురు నిజమైన వీఏఏలను కూర్చోబెట్టండి. చూసేవాళ్ల చేతిలో ఒక చిన్న కాగితం: మొదట వాళ్లకు ఏం తెలుసో అడిగాడా, మొక్కను చేతికిచ్చాడా, వాళ్ల చేత చేయించాడా, తప్పు చేస్తే ఎలా సరిదిద్దాడు, "ఎందుకు" అని అడిగితే జవాబు చెప్పగలిగాడా. ఈ చివరిది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఏడీఏ గారు చెప్పిన జిప్సం విషయంలో కాయ కాల్షియం ఎక్కడినుంచి తీసుకుంటుందో తెలిసిన ట్రైనర్, చాళ్లలో వేసి మట్టి ఎగదోయమని గట్టిగా చెప్తాడు. ఆ కారణం తెలియని ట్రైనర్ ఆ ముక్కను వదిలేస్తాడు, ఎందుకంటే అతనికి అది చిన్న విషయంలా కనిపిస్తుంది.

అదే కాగితం పట్టుకుని తర్వాత మండలంలో అతను నిజంగా క్లాస్ చెప్పేటప్పుడు కూడా వెళ్లి కూర్చోండి. టీఓటీలో బాగా చెప్పి మండలంలో స్లైడ్లకు తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. అలా ఎందుకు జరిగిందో అడగండి, తరచూ కారణం గంటన్నరలో ఐదు టాపిక్‌లు పెట్టడమే, అప్పుడు ఎవరైనా స్లైడ్లే చదువుతారు. వీఏఏలకు బ్యాలెట్ బాక్స్‌లో వచ్చిన మార్కుల్ని ట్రైనర్ వారీగా విడదీసి చూడండి, కానీ ఆ పట్టిక ఎవరికీ ర్యాంకులు ఇవ్వడానికి వాడకండి, వాడితే మరుసటి సంవత్సరం జవాబులు ముందే చెప్పేస్తారు.

వీఏఏ బంగారుపాళ్యం

టెన్షన్ సంగతి నేను చెప్తా అక్కా. పేర్లు రిపోర్టులో రావని శిక్షణ మొదటి రోజే మీ పైవాళ్ల చేత అందరి ముందు చెప్పించండి, మీరు చెప్తే నమ్మరు. ఊరికి వచ్చే ముందు ఫోన్ చెయ్యండి. వచ్చేటప్పుడు మా ఏఓ (వ్యవసాయ అధికారి) గారిని వెంటబెట్టుకుని రాకండి, ఆయన పక్కనుంటే రైతు కూడా అన్నీ బాగున్నాయనే అంటాడు. ఒకసారి విత్తనాల టైమ్‌కి, ఒకసారి పూత టైమ్‌కి రండి, ఆ రెండుసార్లు వస్తే విత్తనశుద్ధీ, జిప్సమూ రెండూ మీ కళ్లతో చూడొచ్చు, నన్ను అడగాల్సిన పనే లేదు.

పుత్తూరు రిటైర్డ్ ఏడీఏ

ఈ అబ్బాయి చెప్పింది సరిగ్గా ఉంది. అమ్మా, ఆ రెండు పర్యటనలకు బండి, డీజిల్ ఇప్పుడే శిక్షణ బడ్జెట్‌లో రాయించుకోండి. శిక్షణ అయిపోయాక అడిగితే డబ్బు అయిపోయిందంటారు. బ్యాలెట్ బాక్స్ అట్టలు రాయడానికి సాయం కావాలంటే ఇక్కడే మెసేజ్ పెట్టండి, వేరుశనగ ప్రశ్నలు నేను రాసిస్తాను.

తిరుచానూరు అమ్మాయి

తప్పకుండా సార్. రేపు బడ్జెట్ నోట్‌లో పెడుతున్నాను, ప్రశ్నల కోసం మళ్లీ రాస్తాను.