'నువ్వు'లో ఆడ, మగ: టునికా భాష, మన రారా - రావే

"నువ్వు" అనే మాటలో ఆడ మగ తేడా చూపించే భాషలున్నాయా అని మొన్న ఇక్కడ ఎవరో అడిగారు. ఉన్నాయి. నాకు బాగా ఇష్టమైనది టునికా. అమెరికాలో లూసియానా రాష్ట్రం, మార్క్స్‌విల్ దగ్గర ఉండే టునికా-బిలోక్సి తెగవాళ్ళ భాష. బిలోక్సి వేరే భాష, సూ అనే భాషా కుటుంబానిది. టునికాకి మాత్రం చుట్టాలైన భాషంటూ ఏదీ దొరకలేదు.

టునికాలో మగమనిషితో మాట్లాడితే నువ్వు అంటే "మా", ఆడమనిషితో అయితే "హెమా". నలుగురు మగవాళ్ళని కలిపి "మీరు" అనాలంటే "వినిమా", ఆడవాళ్ళనైతే "హినిమా". "నీ" అని చెప్పే ముందక్షరాలు కూడా అంతే, వాడికి "వి-", ఆమెకి "హి-". అంటే ఎదురుగా ఉన్నది ఎవరో తేల్చుకోకుండా "నీ చెయ్యి" అనడం కూడా కుదరదు.

మన దగ్గర నువ్వు వచ్చావు అంటే ఎవరికైనా ఒకటే, తేడా వాడు వచ్చాడు, అది వచ్చింది దగ్గరే మొదలవుతుంది అని బళ్ళో చెప్తారు. కానీ ఇంట్లో వినండి. రారా, రావే. ఎక్కడికిరా, ఎక్కడికే. తిన్నావా అన్నాక చివర రా తగిలిందా, ఏ తగిలిందా అన్నదాన్ని బట్టి పక్క గదిలో ఉన్నవాళ్ళకి కూడా పిలిచింది కొడుకునో కూతురునో తెలిసిపోతుంది. అండి చేర్చగానే ఆ తేడా మాయం, రండి అంటే ఇద్దరికీ సరిపోతుంది. ఇప్పుడు అమ్మాయిల్ని కూడా ముద్దుగా "ఏరా" అంటున్నారు, స్నేహితురాళ్ళు ఒకళ్ళనొకళ్ళు రా అనుకుంటున్నారు. నాకది బాగానే ఉంటుంది, భాష కదులుతోందన్నమాట.

ఇక టునికా సంగతి. చిన్నప్పటి నుంచీ ఆ భాష మాట్లాడిన చివరి మనిషి సెసోస్ట్రీ యూచిగాంట్. తల్లి పోయాక ఆయనకి ఆ భాషలో మాట్లాడే తోడే లేదు. 1933లో మేరీ హాస్ అనే భాషాశాస్త్రవేత్త వచ్చి ఆయన దగ్గర కూర్చుని రాసుకుంది. ఆమె వ్యాకరణం 1940లో, కథలు 1950లో, నిఘంటువు 1953లో వచ్చాయి. యూచిగాంట్ 1948లోనే పోయారు. నా దృష్టిలో ఆ మూడింటిలో ప్రాణం కథలదే, ఎందుకంటే కథల్లో ఒకరినొకరు పిలుచుకుంటారు, తిట్టుకుంటారు, రమ్మంటారు, అక్కడే కదా నువ్వు అనే మాట నిజంగా పని చేసేది! వట్టి పదాల పట్టికలో "నువ్వు" ఒక గడిలో పడుంటుంది అంతే.

తెగ చరిత్ర రెండు ముక్కల్లో చెప్తాను. మిసిసిపీ నది వెంట ఉప్పు, గుర్రాల వ్యాపారం చేసినవాళ్ళు, మెల్లగా దక్షిణానికి జరుగుతూ వచ్చి మార్క్స్‌విల్ ఉన్న అవోయెల్ ప్రాంతంలో స్థిరపడ్డారు. 1960లలో వాళ్ళ పూర్వీకుల సమాధులు ఒకాయన తవ్వి సామాన్లు బయటికి తీశాడు. 1986లో కోర్టు అవి తెగవే అని తేల్చింది. ఈలోపు 1981లో తెగకి అమెరికా కేంద్ర ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. 2010 నుంచి తెగవాళ్ళు, టులేన్ విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి భాషని తిరిగి లేపే పని పెట్టుకున్నారు, పిల్లలకి వేసవి శిబిరాలు నడుపుతున్నారు. ఎవరూ మాట్లాడని భాష అని ఒకప్పుడు రాసేసుకున్నదాన్ని ఇప్పుడు పిల్లలు నేర్చుకుంటున్నారంటే నాకెంత సంతోషమో చెప్పలేను.

"మన తెలుగుకి ఆ గతి పట్టదులెండి" అని పైన ఒకరన్నారు. భాష పోదు, సరే. కానీ రా, ఏ లాంటివి క్రియారూపాల పట్టికల్లో ఉండవు, పుస్తకం చూసి తెలుగు నేర్చుకున్నవాళ్ళకి అవి అందవు. అందుకే అడుగుతున్నా: మీ అమ్మమ్మ, నాయనమ్మ మాటలు ఫోన్‌లో రికార్డ్ చేస్తే కథో పాటో చెప్పించి ఆపేయకండి, వంటింట్లో మనవరాలిని కేకేసేది కూడా పట్టుకోండి. రాయలసీమవాళ్ళు "ఏమ్మే" అంటారు కదా, అది వయసులో పెద్దవాళ్ళని కూడా అనొచ్చా? తెలంగాణవాళ్ళు మీ ఇంట్లో చెల్లెల్ని ఏమని పిలుస్తారో, జిల్లా పేరుతో కింద రాయండి.