సమస్యాపూరణం: భూతమే వచ్చి కాపాడెఁ బురిటియింట

నిర్వాహకులు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇదే చివరి పాదంగా వచ్చేలా పైన మూడు పాదాలు మీరు కట్టాలి.

భూతమే వచ్చి కాపాడెఁ బురిటియింట

పురిటింట్లోకి గాలీ ధూళీ రాకూడదనే కదా మనవైపు గుమ్మానికి వేపమండలు కడతారు, అలాంటిది భూతమే వచ్చి కాపాడిందంటే వినగానే పొసగని మాటలా ఉంటుంది. కానీ ప్రాచీన మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్ వైపు, ఇది ఇంటింటి సంగతి. లమష్టు అనే ఆమె గర్భిణుల మీదా పసిపిల్లల మీదా పడుతుందని వాళ్ళ భయం, ఆమెని తరమడానికి వాళ్ళు పిలిచింది పజూజుని, వాడేమో చెడుగాలి దయ్యాలకి రాజు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో సుమారు 15 సెంటీమీటర్ల కంచు బొమ్మ ఉంది, దాని వెనకాల "నేను పజూజుని, హంబి కొడుకుని" అని చెక్కి ఉంటుంది, నెత్తిన తగిలించడానికి రింగు కూడా ఉంది. పూరణ ఈ కథతోనే చెయ్యండి, పూతనని ఈసారికి వదిలేద్దాం.

గోదారిగట్టు:
నా ప్రయత్నం.

అనుని కూతురు, సింగంపుటాననంబు,
గాడిదపు పండ్లు, గద్దల గట్టి గోళ్ళు,
అట్టి రక్కసి వచ్చిన నా పజూజు
భూతమే వచ్చి కాపాడెఁ బురిటియింట

అను అంటే వాళ్ళ ఆకాశ దేవుడు, లమష్టు ఆయన కూతురే. సింహం తల, గాడిద పళ్ళు, పక్షి గోళ్ళు అన్నీ వాళ్ళ మంత్రాల్లో వర్ణించినవే, నేను కల్పించలేదు.

శార్దూలం:
'సింగంపుటాననంబు' దగ్గర యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన అక్షరం) హాయిగా పడింది, రెండో పాదం చదువుతుంటే గోళ్ళు కళ్ళ ముందు కనపడ్డాయండీ. రెండు మాటలు చెప్తాను. 'గోళ్ళు' తర్వాత పాదం 'అట్టి' అని అచ్చుతో ఎత్తుకున్నారు, ఉత్వానికి సంధి తప్పదు కదా, అక్కడ విసంధి. ఇంకోటి, 'వచ్చిన' అన్న వెంటనే సమస్యలో 'వచ్చి' ఎలాగూ ఉంది, ఒకే క్రియ ఇద్దరికీ వాడితే ఎవరు వచ్చారో ఎవరు పోయారో తెలియక పాఠకుడు తడబడతాడు.

గోదారిగట్టు:
నిజమేనండీ, రాత్రంతా కూర్చుని మూడో పాదం మార్చా.

గలుగు రక్కసి దూరఁగఁ గాచి యుండి

'గోళ్ళు గలుగు రక్కసి' అని అన్వయం కుదిరింది, విసంధి కూడా పోయింది, పజూజు పేరు ఎగిరిపోయిందనే ఒక్క బాధ.

కొత్తగా_రాస్తున్నా:
పద్యం రాయడం నాకు ఇది నాలుగోసారి, తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ఊరు నిద్రించె గాలియై దూరె లమష్టు
ఏడు పేళ్ళది, తలుపుల నెల్లఁ దాఁటి
పసిని ముట్టక మును గోడఁ బట్టియున్న
భూతమే వచ్చి కాపాడెఁ బురిటియింట

శార్దూలం:
మూడో పాదం చాలా బాగుంది, గోడకి వేలాడే బొమ్మే భూతమై దిగివచ్చిందన్న ఊహ నాకు తట్టనే లేదు. మొదటి పాదమే కుదరలేదు. 'ఊ'కి యతి అచ్చుతోనే కుదరాలి, 'దూ' చెల్లదు. చివర 'లమష్టు' లఘువు గురువు లఘువు, అంటే జగణం, తేటగీతిలో దానికి చోటే లేదు. పజూజుకీ ఇదే చిక్కు. ముందో గురువు పెట్టుకుంటే 'ఆ లమష్టు' రెండు గలాలై (గలం అంటే గురువు, లఘువు) పాదం చివర చక్కగా సర్దుకుంటుంది, గోదారిగట్టు గారు 'నా పజూజు' అని చేసింది అదే. మీ పాదాన్ని ఇలా మార్చి చూడండి:

ఊరు నిద్రించె, గాలియై యుఱికె నదియె

తర్వాత పాదాన్ని 'యేడు పేళ్ళది' అని ఎత్తుకోండి. ఆ ఏడు పేర్లూ మంత్రాల్లో వరసగా చదివేవాళ్ళు, పేరు తెలిస్తేనే కదా కట్టెయ్యగలం.

మల్లెపందిరి:
నేను తల్లి వైపు నుంచి చూశాను.

కంచు తల యొండు మెడలోనఁ గట్టెఁ దల్లి,
తేలు కొండియు, ఱెక్కలు, తెఱచు నోటి
యా మొగముఁ జూచి పాఱఁగ నా లమష్టు
భూతమే వచ్చి కాపాడెఁ బురిటియింట

నిర్వాహకులు:
ఛందస్సులో వంక లేదమ్మా, కానీ మెళ్ళో కట్టింది తల ఒక్కటే అన్నారు, తలకి తేలు కొండి ఎక్కణ్ణుంచి వస్తుంది? నాలుగు రెక్కలూ తేలు తోకా ఉండేది ఒళ్ళంతా పోతపోసిన బొమ్మల్లో, మెళ్ళో వేసుకునే వాటిల్లో మొహమే ఉంటుంది.

మల్లెపందిరి:
అయ్యో, అది చూసుకోలేదు. రెండో పాదం ఇలా మారుస్తున్నా:

కుక్క మూతియు, మిడిగుడ్లు, కోఱపండ్ల

నిర్వాహకులు:
ఇప్పుడు ఆ మొహం నిజంగా కనిపిస్తోంది. లూవ్ర్‌లోనే ఇంకో కంచు రేకు ఉంది, దాని పైఅంచు మీంచి పజూజు తల ఇవతలికి తొంగి చూస్తుంటుంది, మధ్యలో మంచం మీద రోగి, చేప వేషంలో ఇద్దరు, కింద పడవలో గాడిద మీద లమష్టు, రెండు చేతుల్లో రెండు పాములు, ఒక రొమ్ము పందిపిల్లకీ ఒకటి కుక్కపిల్లకీ ఇస్తూ ఉంటుంది. పక్కన దువ్వెన లాంటి సామాన్లు కూడా చెక్కారు, అవి ఆమెకిచ్చే కానుకలు, తీసుకుని వెళ్ళిపొమ్మని. కొట్టి తరమడం ఒకవైపు, సారె పెట్టి సాగనంపడం ఇంకోవైపు, ఆ తల్లుల భయం ఎంతటిదో ఆ దువ్వెన చూస్తేనే నాకు అర్థమైంది.

ఒక్క విషయం మాత్రం ముగ్గురూ వదిలేశారు. ఆమె రక్కసి కాదు, వాళ్ళ లెక్కలో దేవతే. పేరు ముందు దేవతలకి పెట్టే గుర్తు రాసేవాళ్ళు, మనిషి పసికందుల మాంసం అడిగిందని తండ్రే పైలోకం నుంచి తోసేశాడు. చంపబోయేది దేవత, కాపాడేది భూతం, సమస్యలో నేను ఆశించింది ఇదే. నా పూరణ:

దేవతయె వచ్చి శిశువునుఁ దినఁగఁ జూడ
గాలి ఱేఁడయి తెగుళులఁ గలుగఁజేయు
హంబి కొడు, కామెఁ దఱిమిన యట్టి మేటి
భూతమే వచ్చి కాపాడెఁ బురిటియింట

గోదారిగట్టు:
'దేవతయె వచ్చి' అనగానే 'భూతమే' అన్న మాటకి బలం వచ్చింది. కానీ గురువుగారూ, నన్ను తిట్టిన తప్పే మీరూ చేశారు, మొదటి పాదంలో 'వచ్చి', చివర మళ్ళీ 'వచ్చి'.

నిర్వాహకులు:
నేను కావాలనే పెట్టాను, ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి వచ్చారని. అయినా శార్దూలం గారు ఒప్పుకుంటేనే ఉంచుతా.

శార్దూలం:
ఉంచండి. గోదారిగట్టు గారిది గజిబిజి చేసింది, ఇక్కడ 'దేవతయె వచ్చి', 'భూతమే వచ్చి' రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి.