ఐడిల్ మిక్చర్ స్క్రూ: చుట్ల లెక్కా, చెవి లెక్కా?

కొత్తచేయి: చిన్న పెట్రోలు పంపు ఇంజిన్, ఫోర్ స్ట్రోక్. చోక్ సగం వేసి ఉంచితే నడుస్తుంది, తీసేస్తే స్లోలో ఆగిపోతోంది. కార్బ్యురేటర్‌లో పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ ఎంత తిప్పాలి?

పానాపట్టు: మెల్లగా ఆగేదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పండి. మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే అది. అక్కడితో వదిలేయండి.

చెవిలెక్క: వదిలేయడమేమిటండీ? అది మొదలు మాత్రమే. ఇంజిన్ బాగా వేడెక్కాక కొంచెం కొంచెం బిగించండి, ఒకచోట వేగం పడిపోతుంది. వదులు చేస్తూ పోతే ఇంకోచోట పడిపోతుంది. రెండింటి నడుమ ఉంచండి. రేజ్ చేసినప్పుడు తడబడితే కాస్త పెట్రోలు వైపు జరపండి. ఐడిల్ స్పీడ్‌కి వేరే స్క్రూ ఉంటుంది.

పానాపట్టు: పెట్రోలు వైపంటే ఎటు? నా బండికి బిగిస్తే పెట్రోలు పెరుగుతుంది.

చెవిలెక్క: తగ్గుతుంది. ఇరవై ఏళ్లుగా తిప్పుతున్నాను.

పానాపట్టు: నేనూ తిప్పుతున్నాను. పెరుగుతుంది.

గ్రీజుచేతులు: ఇద్దరిదీ నిజమే. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిది, బిగిస్తే మిక్చర్ చిక్కబడుతుంది, అంటే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పలచబడుతుంది.

పానాపట్టు: చెవిని నమ్మొద్దనేది అందుకే. నా టూ స్ట్రోక్ రంపాన్ని ఒకాయన చెవితోనే సరిచేశాడు. వారంలో పిస్టన్ పట్టేసింది. దాంట్లో ఆయిల్ పెట్రోలుతోనే వస్తుంది, పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే.

చెవిలెక్క: ఫుల్ థ్రాటిల్‌లో పట్టేస్తే చూడాల్సింది ఎక్కువ వేగంలో పెట్రోలు సరిచేసే హై స్క్రూని. ఐడిల్ స్క్రూ మీద నేరం వేయకండి.

పానాపట్టు: రెండూ ఆయనే తిప్పాడండీ! కొత్త సిలిండర్ డబ్బు మాత్రం నాది.

చెవిలెక్క: అదీ మీ బాధ. నష్టపోయారు కాబట్టి కొత్తవాళ్లెవరూ ముట్టుకోకూడదంటున్నారు. ముట్టుకోకుండా ఎవరికి వచ్చిందండీ ఈ పని?

పానాపట్టు: అవును, అదే అంటున్నాను. గట్టిగా బిగించి స్క్రూ సూది మొన పాడు చేసుకుంటే ఆ తర్వాత ఏ చెవీ పనికిరాదు.

కొత్తచేయి: ఒకటి చెప్పలేదు. ఆరు నెలలు పాత పెట్రోలుతో మూలన ఉంది. అంతకు ముందు బాగానే నడిచింది. స్క్రూ ఎవరూ తిప్పలేదు.

గ్రీజుచేతులు: అయితే స్క్రూ తప్పు కాకపోవచ్చు. చోక్ గాలిని తగ్గిస్తుంది కదా, దాంతోనే నడుస్తోందంటే పెట్రోలు చాలడం లేదు. స్లోలో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, అదే పైలట్ జెట్, దాంట్లో జిగురు పట్టి ఉంటుంది. విప్పి క్లీనర్ కొట్టండి, తీగ పెట్టి పొడవకండి. అప్పటికీ ఆగిపోతే గాస్కెట్ దగ్గర గాలి లాగుతోందేమో చూడండి.

చెవిలెక్క: శుభ్రం చేశాకైనా వేడి మీద విని తిప్పాల్సిందే.

పానాపట్టు: కొత్తచేయి గారూ, స్క్రూ ఊడదీసే ముందు బిగిస్తూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోండి. తిరిగి అక్కడే పెట్టండి. వినడం ఆ తర్వాత.