బయటి స్థలాల త్రీడీ మోడల్: లేజర్ స్కానర్, ఫొటోలు కలిపి చేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి

రాతిమెట్లు:
శిథిలమైన ఒక పాత రాతి కట్టడాన్ని మోడల్ చేస్తున్నాను. గోడలు, కిందికి నీళ్లలోకి దిగే మెట్లు, చుట్టూ పెద్ద చెట్లు. చుట్టూ తిరుగుతూ 640 ఫొటోలు తీసి, వాటి నుంచి త్రీడీ ఆకారం కట్టే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చాను. రాళ్లు బాగానే వచ్చాయి. చెట్లు మాత్రం కరిగిన మైనం ముద్దల్లా ఉన్నాయి, నీళ్లు ఉన్నచోట పెద్ద చిల్లు పడింది. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం ముగించాను కాబట్టి ఒకే గోడ సగం పసుపుగా, సగం నీలంగా కనిపిస్తోంది. వీటన్నిటికంటే కొలత తప్పడం ఎక్కువ బాధగా ఉంది. ఒక మెట్టు వెడల్పు 90 సెంటీమీటర్లని పెట్టి స్కేలు ఇచ్చాను. టేపుతో 12.40 మీటర్లు వచ్చిన గోడ మోడల్‌లో 12.12 మీటర్లే చూపిస్తోంది. ఫొటోలు మళ్లీ తీయాలా, స్కానర్ అడిగి తెచ్చుకోవాలా?

మబ్బురోజు:
ముందు ఫొటోలు మళ్లీ తీయండి. మబ్బు పట్టిన రోజు చూసుకుని వెళ్లండి. ఎండలో తీస్తే నీడ కూడా రంగులో కలిసిపోతుంది. తర్వాత మీరు మోడల్‌లో సూర్యుణ్ని ఎటు పెట్టినా ఆ పాత నీడ రాయికి అంటుకునే ఉంటుంది. దాన్ని తీసేసే పద్ధతులున్నాయి కానీ, నేను రెండు వారాలు కూర్చుని చేసినా తృప్తిగా రాలేదు. మబ్బురోజు తీసుంటే ఆ పని అసలు ఉండేదే కాదు.

కెమెరాలో ఎక్స్‌పోజర్ (వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) రెండూ మాన్యువల్‌లో పెట్టి వదిలేయండి. జూమ్ ముట్టుకోవద్దు. ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8 దగ్గర ఉంచితే దగ్గరా దూరమూ స్పష్టంగా వస్తాయి. జేపెగ్ కాకుండా, కెమెరా మార్పులు చేయని రా (RAW) ఫైళ్లే తీయండి.

ఇంకొక మాట. చాలామంది ఒకచోట నిలబడి కెమెరాను చుట్టూ తిప్పుతూ తీస్తారు. పనోరమాకి అది సరిపోతుంది, ఇక్కడ పనికిరాదు. సాఫ్ట్‌వేర్‌కి లోతు తెలియాలంటే కెమెరా చోటు మారాలి. అడుగు పక్కకి వేయండి, తీయండి, మళ్లీ అడుగు వేయండి. ఒక ఫొటోలో ఉన్నదాంట్లో 80 శాతం దాకా తర్వాతి ఫొటోలో కూడా కనబడాలి. మూలల దగ్గర ఇంకా చిన్న అడుగులు వేయండి. నా మోడళ్లు చీలిపోయింది ఎప్పుడూ మూలల్లోనే.

కొలబద్ద:
రాతిమెట్లు గారూ, మీ కొలత ఎందుకు తప్పిందో మీరు రాసినదాంట్లోనే ఉంది. ఫొటోలకి సొంతంగా సైజు ఉండదు, మనం చెప్పిందే అవి నమ్ముతాయి. అరిగిన మెట్టు అంచు ఎక్కడో గుర్తించడంలో 2 సెంటీమీటర్లు తేడా వచ్చిందనుకోండి. 90 సెంటీమీటర్లకి 2 పోతే 12.40 మీటర్లకి సుమారు 28 సెంటీమీటర్లు పోతుంది. మీకు వచ్చిన తేడా సరిగ్గా అంతే! చిన్న కొలత ఇచ్చి పెద్ద గోడను కొలవకూడదు. స్థలం ఈ చివర నుంచి ఆ చివర దాకా గుర్తుపలకలు పెట్టి, టోటల్ స్టేషన్‌తోనో (సర్వేవాళ్లు దూరాలు, కోణాలు కొలిచే పరికరం), అది లేకపోతే మంచి టేపుతోనో వాటి మధ్య దూరాలు తీసుకోండి.

వాటిలో కొన్నిటిని సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వకుండా పక్కన పెట్టండి. మోడల్ తయారయ్యాక సరిచూసుకోవడానికి పనికొచ్చే ఇవే చెక్ పాయింట్లు. ఒకసారి చదునైన మైదానం మీద డ్రోన్ ఎగరేసి, కెమెరా నిటారుగా కిందికి పెట్టి, వరుసలు వరుసలుగా తీశాను. రిపోర్టులో లోపం మిల్లీమీటర్లలో ఉంది, సంతోషపడ్డాను. పక్కన పెట్టిన పాయింట్లతో సరిచూస్తే మధ్యలో నేల 14 సెంటీమీటర్లు ఉబ్బింది. లెన్స్ వంపును సాఫ్ట్‌వేర్ తప్పుగా అంచనా వేసి, ఆ తప్పును నేల మీదికి నెట్టేసింది. కెమెరాను ఏటవాలుగా పెట్టి ఇంకో విడత తీసి కలిపాక సరిపోయింది. అప్పటినుంచి చెక్ పాయింట్లు లేని మోడల్‌ని కొలతల కోసం ఎవరికీ ఇవ్వను.

రాతిమెట్లు:
ఇది నాకు తట్టనే లేదు, చాలా థ్యాంక్స్ అండి. అయితే ఫొటోలు ఇంత బాగా పనిచేస్తే స్కానర్ అవసరం ఎక్కడ?

త్రికోణం:
నేను ఎక్కువగా స్కానర్‌తోనే పనిచేస్తాను. వెలుతురు లేని లోపలి గదులు, గుర్తులేమీ లేని సున్నపు గోడలు, చెట్ల కింది నేల... వీటిలో ఫొటోలు తడబడతాయి, స్కానర్ నిలబడుతుంది. లేజర్ వెళ్లి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్కకట్టే రకం స్కానర్లకి ఒక నానోసెకను (సెకనులో వంద కోట్లో వంతు) తేడా అంటే 15 సెంటీమీటర్లు. అంతకంటే ఎంతో చిన్న తేడాలు కూడా కొలుస్తుంది కాబట్టే గోడ నిజంగా ఎంత వాలిందో చెప్పగలదు. ఆకుల సందుల్లోంచి కొన్ని కిరణాలు దూరి నేలను తాకుతాయి, అందుకే చెట్ల కింద కూడా నేల దొరుకుతుంది.

కానీ నీళ్లు దానికీ కష్టమే. లేజర్‌ని కొంత పీల్చేసుకుంటాయి, కొంత వేరేవైపు తిప్పేస్తాయి. తడిసిన నల్లరాయి కూడా అంతే, వాన వెలిసిన వెంటనే వెళ్లకండి. స్కానర్ మనిషి ఎత్తులో ఉంటుంది కాబట్టి గోడల పైభాగం దానికి కనబడదు. అక్కడ అనుమతి తీసుకుని డ్రోన్‌తో ఫొటోలు తీయాల్సిందే.

కలిపేటప్పుడు ఒకే గుర్తుపలకలు స్కాన్‌లోనూ ఫొటోల్లోనూ పడాలి. ఆకారం స్కాన్ నుంచి, రంగు ఫొటోల నుంచి తీసుకోండి. రియాలిటీస్కాన్ (పాత పేరు రియాలిటీక్యాప్చర్) లాంటి సాఫ్ట్‌వేర్లు రెండిటినీ కలిపే తీసుకుంటాయి. పాయింట్ క్లౌడ్‌లు, అంటే కొలిచిన చుక్కల గుంపులు, పోల్చుకోవడానికి క్లౌడ్‌కంపేర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. స్కాన్ జరిగేటప్పుడు ఎవరైనా నడిచి వెళ్తే వాళ్ల నీడలా పాయింట్లు మిగిలిపోతాయి, వెంటనే ఇంకోసారి తిప్పండి. కొన్ని ఫోన్లలో ఉండే లైడార్ (చిన్న లేజర్ స్కానర్) 5 మీటర్ల దాకానే చూస్తుంది, ఈ స్థలానికి అది చాలదు.

మబ్బురోజు:
చెట్లు అందంగా కనబడాలంటే గాసియన్ స్ప్లాటింగ్ చూడండి. దృశ్యాన్ని లక్షల మెత్తటి రంగు మచ్చలతో చూపించే, 2023లో వచ్చిన పద్ధతి. ఆకులు, కొమ్మలు మెష్ (త్రికోణాల వల) కంటే చాలా సహజంగా వస్తాయి. కొలతలకు మాత్రం నేను వాడను.

పాతఫొటో:
ఒక మనవి. మోడల్ పూర్తయ్యాక అసలు ఫొటోలు, స్కాన్ ఫైళ్లు చెరిపేయకండి. పారిస్‌లోని నోట్రడామ్ చర్చిని కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ 2010లో లేజర్‌తో స్కాన్ చేశారు, వంద కోట్లకు పైగా పాయింట్లు. 2019 ఏప్రిల్ 15న అది కాలిపోయేసరికి ఆయన లేరు, కొలతలు ఉన్నాయి. అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ పెద్ద బుద్ధ విగ్రహాన్ని 2001లో పేల్చేశాక, 1970లో కొలతల కెమెరాతో తీసిన మూడు ఫొటోల నుంచి జ్యూరిక్ పరిశోధకులు మోడల్ కట్టారు. ఆ ఫొటోలు తీసినప్పుడు ఇలాంటి కంప్యూటర్లు ఎక్కడివి? మీరు ఈరోజు తీసిన ఫొటోల నుంచి ఇరవై ఏళ్ల తర్వాత సాఫ్ట్‌వేర్ ఇంకా ఎక్కువ రాబట్టగలదు. ఏ రోజు, ఏ కెమెరా, ఏ లెన్స్, పలకల కొలతలు ఎలా తీశారు అన్నది కూడా ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పక్కనే ఉంచండి.

రాతిమెట్లు:
మళ్లీ వెళ్లొచ్చాను. మబ్బుల కోసం పదకొండు రోజులు ఆగాను. 1,150 ఫొటోలు, తొమ్మిది చోట్ల నుంచి స్కాన్. చెక్ పాయింట్ల దగ్గర తేడా 8 మిల్లీమీటర్లు దాటలేదు. 12.40 గోడ 12.40గానే వచ్చింది, చూసి కళ్లు చెమర్చాయి. నీళ్లని చదునైన పలకగా చేత్తో పెట్టాను, అది కొలిచింది కాదని ఫైల్‌లో రాశాను. వెనక మూల ఒకటి పొదల వల్ల ఇంకా ఖాళీగానే ఉంది. ఊహించి పూడ్చకుండా అలాగే వదిలేశాను. ఆకు రాలాక స్కానర్‌తో అక్కడికి మళ్లీ వెళ్తాను.